నెల్లూరులో లూజు డాగ్ ఫుడ్ కొంటున్నారా? మా జూలీ సంగతి చదివి అప్పుడు కొనండి

అసలు మాట ముందే చెప్పేస్తా. డ్రమ్ములోంచి తోడి, కాటా వేసి, కవర్లో కట్టిచ్చే డాగ్ ఫుడ్ కొనొద్దు. ఇంట్లో ముసలి కుక్క ఉంటే అసలే కొనొద్దు. కొట్టు పేరు రాయడం లేదు. నా దగ్గర బిల్లు లేదు, ల్యాబ్ రిపోర్టూ లేదు. ఆ రెండూ లేకుండా పేరు పెట్టి రాస్తే రేపు నన్నే స్టేషన్‌కి పిలుస్తారు. అవి ఎందుకు లేకుండా పోయాయో తెలిస్తే మీరైనా జాగ్రత్త పడతారు.

మా జూలీకి 11 ఏళ్ళు. లాబ్రడార్ అనే చెప్పి ఇచ్చారు గానీ, ఆ తోక చూస్తే తండ్రి ఎవరో స్టోన్‌హౌస్‌పేట వీధిలోవాడే అయ్యుంటాడని మా బావమరిది ఎగతాళి. ఇన్నేళ్ళూ సీలు ప్యాకెట్టే కొనేవాళ్ళం. ఈ మధ్య ధర పెరిగింది, కిలో లెక్కన చూస్తే 220 దాటుతోంది. ఒకరోజు కొట్టాయన తనే అన్నాడు: "ఎందుకన్నా అంత పెట్టేది? అదే కంపెనీ సరుకు, లూజుగా ఉంది. కిలో 150. కవరు ఖర్చు మిగుల్తుంది, అంతే తేడా."

నేను ఐదు కిలోలు కట్టించుకున్నా. తెల్ల ప్లాస్టిక్ కవరు, పైన రబ్బరు బ్యాండు. ఆయన తోడేటప్పుడు డ్రమ్ములోకి చూశాను. అడుగున ముదురు రంగు గింజలు, పైన లేత రంగువి. అంటే పాత సరుకు అయిపోకముందే దాని మీద కొత్త బస్తా పోసేస్తున్నాడన్నమాట. డ్రమ్ము వెనక గోడకి మోకాలెత్తున చెమ్మ ఎక్కి ఉంది. కార్తీకం ముసురు, నాలుగు రోజులుగా ఎండ మొహం చూడలేదు. ఇదంతా కళ్ళతో చూశాను. చూసి కూడా 350 మిగిలిందని సంతోషంగా ఇంటికొచ్చాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. జూలీ మొదటిరోజే ఆ తిండి వద్దంది. గిన్నె దగ్గరకొచ్చి, చాలాసేపు వాసన చూసి, నా మొహం చూసి వెళ్ళి గుమ్మంలో పడుకుంది. నేనూ ఒక గుప్పెడు తీసి వాసన చూశా. ముక్కిన బియ్యం వాసన లీలగా తగిలింది. బూజు మాత్రం ఎక్కడా కనపడలేదు. "ముసల్దైంది, పెంకితనం ఎక్కువైంది" అని మా ఆవిడ చికెన్ ఉడికించిన నీళ్ళు పోసి కలిపింది. అప్పుడు తినింది. అలా దాదాపు మూడు వారాలు, అది వద్దన్న తిండినే వాసన కప్పేసి తినిపించాం.

ఒక మంగళవారం పొద్దున పాలబ్బాయి బండి చప్పుడుకి లేవలేదు. పదకొండేళ్ళలో వానొచ్చినా వరదొచ్చినా గేటు దగ్గర అరవకుండా ఉన్న రోజు లేదు. మధ్యాహ్నానికి పచ్చగా కక్కింది. మర్నాడు పెరుగన్నం పెట్టినా తల తిప్పేసుకుంది. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, "వయసైపోయింది నాయనా, ఇంక దాన్ని ఇబ్బంది పెట్టబాకండి" అంది. మంచిమనసుతోనే అంది. కానీ ముసలి కుక్కలకి అసలు గండం ఈ మాటే. రెండేళ్ళ కుక్క ఒకపూట తినకపోతే ఆసుపత్రికి పరిగెత్తే మనం, పదేళ్ళు దాటిన కుక్క మూడురోజులు తినకపోయినా వయసు మీదకి నెట్టేస్తాం. వయసు దానంతటది ఒక్క రాత్రిలో కుక్కని పడగొట్టదు. నిన్నటిదాకా బాగున్నది ఇవాళ లేవలేదంటే లోపల ఏదో జరిగినట్టే లెక్క.

ఒళ్ళు వేడిగా ఉందని మెడికల్ షాపుకెళ్ళి పారాసిటమాల్ తెచ్చాను. వేసేలోపు బెంగళూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి అరిచింది, బతికిపోయాం. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ఇక పారాసిటమాల్ పోయి పడేది లివర్ మీద. ఆ రోజు మింగించి ఉంటే ఏమయ్యేదో, తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

డాక్టరమ్మ ముందు పిడుదు జ్వరం అనుకున్నారు. మన కోస్తాలో పిడుదులకి కొదవ లేదు కదా, ఆమె అనుకోవడంలో తప్పేం లేదు. తర్వాత చిగుళ్ళు చూడమని నాకే చూపించారు. పైపెదవి ఎత్తితే గులాబీ రంగులో ఉండాల్సిన చిగురు మామిడిపండు రసం పూసినట్టు పసుపుగా ఉంది. కంట్లో తెల్లగుడ్డు కూడా అంతే. ఉచ్చ డికాషన్ రంగులో వస్తోందని అప్పుడు గుర్తొచ్చింది. వానకి మట్టి నీళ్ళు తాగిందేమో అనుకుని వదిలేశాం. రక్తం తీసిన చోట దూది పెట్టి పదినిమిషాలు నొక్కి పట్టుకున్నా సన్నగా కారుతూనే ఉంది. "రక్తం గడ్డకట్టే పదార్థాలు తయారుచేసేది లివరే సార్. అది దెబ్బతింటే ఇలాగే అవుతుంది" అన్నారామె. సాయంత్రం రిపోర్టులో ఎస్‌జీపీటీ, అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే లెక్క, వెయ్యి దాటింది. కుక్కలకి వందకి అటూ ఇటూ ఉండాలంట.

ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ళతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌లోనూ కామెర్లు వస్తాయి, అది మనుషులకీ అంటుతుంది. అందుకని పరీక్ష వచ్చేదాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, పిడుదు జ్వరానికీ లెప్టోకీ అదే మందు. ఆ రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదు. అప్పుడడిగారు, "ఈ నెలలో తిండి ఏమైనా మార్చారా?" అని.

నేను లూజు సంగతి చెబుతుంటే బెంచీ మీద కూర్చున్న ఒకాయన తల ఎత్తాడు. పొదలకూరు రోడ్డు వైపు నుంచి తన తొమ్మిదేళ్ళ పమేరియన్‌ని తువ్వాల్లో చుట్టుకుని వచ్చాడు. "ఏ కొట్టన్నా?" అన్నాడు. చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మేమూ ఆడనే" అన్నాడు. ఆయన పమేరియన్ శుక్రవారం పోయింది.

డాక్టరమ్మ అనుమానం అఫ్లాటాక్సిన్. మొక్కజొన్న, వేరుశనగ చెక్క లాంటి వాటిలో చెమ్మ చేరితే ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది, అది వదిలే విషం ఇది. బూజు కంటికి కనపడకపోయినా విషం ఉండొచ్చు. ఉడకబెడితే పోతుందిలే అనుకోవద్దు, మన వంటింటి వేడికి అది చావదు. మనం రోజుకో కూర తింటాం కాబట్టి ఒకటి పాడైనా కొంత తప్పించుకుంటాం. కుక్క మాత్రం రెండుపూటలా, నెలంతా అదే గిన్నె తింటుంది. కొంచెం కొంచెంగా చేరి ఒకరోజు లివర్ చేతులెత్తేస్తుంది. అందుకే మనకి అది హఠాత్తుగా వచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ రాత్రుళ్ళు నిద్రపట్టక దీని గురించే చదువుతూ కూర్చున్నా. 1974లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లాల్లో తడిసిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే దాన్ని పరిశోధించారు. ఆ ఊళ్ళలో కుక్కలకీ అవే కామెర్లు. అమెరికాలో 2005 చివర్లో ఒకసారి, 2020 చివర్లో ఇంకోసారి ఇదే విషం ఉన్న డాగ్ ఫుడ్ తిని రెండుసార్లూ వందకు పైగా కుక్కలు పోయాయి. అంటే సీలు ప్యాకెట్లోనూ రాదని కాదు. కానీ అక్కడ ప్యాకెట్ మీద లాట్ నంబరు ఉంది. ఏ ఫ్యాక్టరీ, ఏ తేదీ అని వెతికి పట్టి సరుకు వెనక్కి తెప్పించారు. మా ఐదు కిలోలకి ఊరూ లేదు, పేరూ లేదు. విషం కంపెనీలో పుట్టిందో, బస్తాలో పుట్టిందో, ఆ చెమ్మగోడ పక్క డ్రమ్ములో పుట్టిందో ఇప్పుడు ఏ దేవుడూ చెప్పలేడు. అసలు అది అఫ్లాటాక్సినే అని నేను ప్రమాణం చేసి చెప్పలేను కూడా. ఎందుకంటే తిండి పరీక్షకి పంపుదామని ఇంటికొచ్చేసరికి, మిగిలిందంతా మా ఆవిడ భయపడి మున్సిపాలిటీ చెత్తబండిలో వేసేసింది. ఆమెనేం అంటాను? దాచిపెట్టమని నేను చెప్పలేదు.

కొట్టుకి వెళ్ళి అడిగాను. "మా దగ్గర వందమంది కొంటారన్నా, ఒక్కరూ అడగలేదు" అన్నాడు. ఆ పమేరియన్ ఆయన పక్కనే ఉన్నాడు, అయినా అదే మాట. బిల్లు ఇవ్వమంటే, "లూజుకి బిల్లేంది?" అని నవ్వాడు. బస్తా చూపించు, బ్యాచ్ నంబరు ఫోటో తీసుకుంటా అన్నాను. బస్తాలు చించి పట్టాలుగా పరిచేశాడంట. నిజంగానే అతని కాళ్ళకింద ఒక బస్తా పట్టా ఉంది, నంబరు వైపు నేలకి. తీయమంటే తీయలేదు.

1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు రాసుకున్నారు గానీ మొదటి ప్రశ్నే బిల్లు ఉందా అని. చిన్న కాగితం ముక్క మీదైనా సరే, తేదీ, ధర రాసి సంతకం పెట్టించుకోండి. ఫోన్‌పేలో కట్టుంటే కనీసం ఆ రోజు డబ్బు ఎవరికి పోయిందో మిగిలేది. నేను అదీ చేయలేదు, జేబులోంచి నోట్లు తీసిచ్చాను. చట్ట ప్రకారం ప్యాకెట్ మీద తయారుచేసినవాళ్ళ పేరు, చిరునామా, బరువు, నెల, సంవత్సరం, ధర, ఫిర్యాదు చేయాల్సిన నంబరు అన్నీ ఉండాలి. కొనేటప్పుడు వాటి ఫోటో తీసి పెట్టుకోండి. తిండిని వేరే డబ్బాలోకి పోసుకోకుండా అదే కవర్లో మూతి బిగించి ఉంచండి. కొత్త ప్యాకెట్ విప్పినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి, గాలి చొరని కవర్లో ఫ్రీజర్‌లో పడేయండి, ప్యాకెట్ అయిపోయి పదిరోజులు గడిచేదాకా. మా ఆవిడ ఇప్పుడు దాని మీద స్కెచ్ పెన్నుతో "జూలీది, చింతపండు కాదు" అని రాసి పెడుతోంది.

ఒక పక్కమాట. హఠాత్తుగా వచ్చిన జబ్బులన్నీ తిండి వల్లే అనుకోకండి. కావలిలో మా పెదనాన్న వాళ్ళ 13 ఏళ్ళ కుక్క ఒకరోజు తల ఒకవైపు వాల్చేసి, కళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటూ, తాగినవాడిలా తూలి పడిపోయింది. అందరూ పక్షవాతం అన్నారు, సూది వేయించి పంపేద్దాం అన్నారు. తీరా చూస్తే ఒంటిని తూలకుండా నిలబెట్టే లోపలి చెవి దెబ్బతినడం. ముసలి కుక్కల్లో ఇది మామూలేనంట. మూడు వారాల్లో లేచి మళ్ళీ కోళ్ళని తరిమింది, తల మాత్రం కాస్త వంకరగా ఉండిపోయింది. డాక్టరు చూడకముందే ఆశ వదిలేసుకోవద్దని చెప్పడానికే ఇది రాశాను.

ఈ విషానికి విరుగుడు మందు లేదు. సెలైన్, విటమిన్ కె సూదులు, లివర్‌కి సిలిమారిన్, వాంతులు ఆగడానికి మందు, అంతే. ఎనిమిది రోజులు పొద్దునా సాయంత్రం ఆటోలో తిప్పాం. తొమ్మిదో రోజు ఇడ్లీ ముక్క తినింది. మొత్తం 19,000 దాటింది, నేను మిగిల్చుకున్న 350కి. చిగుళ్ళు మళ్ళీ గులాబీ రంగుకి రావడానికి నెల పట్టింది. ఎస్‌జీపీటీ ఇంకా మామూలుకి రాలేదు, వచ్చే నెల మళ్ళీ చూపించాలి.

నెల్లూరులో ఈ వానాకాలం లూజు సరుకు పెట్టినవాళ్ళు మీ కుక్క చిగురు ఒకసారి ఎత్తి చూడండి. పసుపు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. మిగిలిన తిండిని పారేయకుండా మూట కట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

జూలీ ఇప్పుడు గిన్నె పెడితే ముందు చాలాసేపు వాసన చూస్తోంది. ఇదివరకైతే "తిను, తిను" అని తొందరపెట్టేవాణ్ణి. ఇప్పుడు అది తల ఎత్తేదాకా పక్కనే పీట వేసుకుని కూర్చుంటున్నా.