ఎర్బా పురానా, కిర్కేనా?

రెండూ ఇటలీ పెర్ఫ్యూమ్‌లే, రెండూ ఘాటుగా, తియ్యగా, పళ్ల వాసనతో ఉండేవే. జెర్జాఫ్ వాళ్ల ఎర్బా పురా కొట్టగానే నారింజ, నిమ్మ, బెర్గమాట్ గుప్పుమంటాయి, వెనకే పళ్లబుట్ట మొత్తం దిగుతుంది, చివర్లో అంబర్, వెనిలా, తెల్ల మస్క్ గంటలకొద్దీ చొక్కాని వదలవు. టిజియానా తెరెంజీ వాళ్ల కిర్కేలో (2015) ప్యాషన్ ఫ్రూట్, పీచ్, రాస్ప్‌బెర్రీ, అడుగున వెనిలా, గంధం, ప్యాచులి (మట్టివాసన ఇచ్చే ఒక ఆకు). తీపిలో పులుపు తగులుతుంది కాబట్టి మొహం మొత్తదు.

చెన్నై ఉక్కపోతలో నా ఓటు కిర్కేకే. మే నెలలో కిక్కిరిసిన లోకల్ ట్రైన్‌లో ఎర్బా పురా అంటే పక్కవాళ్లకి తలనొప్పే, దాన్ని ఏసీ హాల్లో రిసెప్షన్లకి దాచుకోండి, రెండు స్ప్రేలు చాలు. ముందు చిన్న శాంపిల్ తెప్పించి, మోచేతి మడతలో కొట్టుకుని ఒక పూట ఎండలో తిరగండి.