బానెట్ తెరుచుకునే హెరాల్డ్: పాత కోర్గీ 231 బొమ్మ కారు

నెల్లూరులో మాకు స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉండేది. ఎండాకాలం వేడెక్కి ఆగిపోతే నాన్న రోడ్డు పక్కన బానెట్ ఎత్తేవారు. మిగతా కార్లలా పైమూత ఒక్కటే లేచేది కాదు. మడ్‌గార్డులు, లైట్లతో సహా ముందు భాగమంతా ముందుకు వాలిపోయేది. నాన్న ముందు టైరు మీదే కూర్చుని "అమ్మాయ్, పానా ఇటియ్యి" అనేవారు. అందుకే బొమ్మ హెరాల్డ్ ఎక్కడ కనిపించినా నా చెయ్యి నేరుగా బానెట్ మీదికే పోతుంది.

ఇప్పుడు నేనుండేది ఇంగ్లండులో, కొవెంట్రీలో. 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పుట్టిన ఊరు ఇదే. అప్పటికి బాడీలు తయారుచేసి ఇచ్చే కంపెనీ పోటీదారుల చేతికి పోయింది. దాంతో విడి ఛాసిస్ (కింది చట్రం) మీద బాడీని ముక్కలుగా బోల్టులతో బిగించేలా కారును డిజైన్ చేశారు. వేరే దేశాల్లో బిగించుకోవడానికీ అది అనువైంది. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ తయారైంది ఆ డిజైన్‌తోనే.

నా దగ్గర వాన్‌గార్డ్స్ అనే బ్రాండు బొమ్మ హెరాల్డ్ ఉంది. కొలతలు, రంగు, క్రోమ్ గీతలు అన్నీ చక్కగా ఉంటాయి, కానీ బానెట్ తెరుచుకోదు. ఆక్స్‌ఫర్డ్ అనే బొమ్మల కంపెనీ వాళ్లది ఇంకా చిన్నది, అసలు కారులో 76వ వంతు. దాన్ని అద్దాల అల్మరాలో పెట్టి చూసుకోవాల్సిందే.

కోర్గీ అనే బొమ్మ కార్ల కంపెనీ వాళ్ల 231 నంబరు హెరాల్డ్ కూపే 1961లో వచ్చింది. అప్పట్లో పోటీ కంపెనీ డింకీ బొమ్మ కార్లకు లేని ప్లాస్టిక్ కిటికీలు పెట్టి, 1956లో బజారులోకి దిగిన కంపెనీ అది. దీనికైతే కిటికీలతో పాటు ముందు భాగం కూడా తెరుచుకునేలా చేశారు. వేలితో ఎత్తితే అసలు కారులో లాగే మొత్తం ముందుకు వాలుతుంది, లోపల చిన్న ఇంజన్ కనిపిస్తుంది. అంత చిన్న బొమ్మలో ఆ ఒక్క పని అంత నిజంగా చేసిన వాళ్లకు దణ్ణం పెట్టాలి.

నాది బంగారు రంగు, తెలుపు. పెట్టె లేదు. పాత బొమ్మల సంతలో 32 పౌండ్లు ఇచ్చాను. ఇంటికొచ్చి దీపం కింద చూస్తే తెలుపు మీద ఎవరో కుంచెతో మళ్ళీ రంగు వేసినట్టు తేలింది. అమ్మినాయన ఆ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే పది పౌండ్లు తగ్గించమనేదాన్ని. రబ్బరు టైర్లు గట్టిపడి బీటలిచ్చాయి, కొత్తవి వేయించాను. మా బండి సెలూన్, ఇది కూపే, కాబట్టి పైకప్పు వెనక వాలు వేరుగా ఉంటుంది. అది మాత్రం నాకు కొంచెం వెలితే.

అయినా కొనమనే చెప్తాను. కొనేముందు బానెట్ తెరిచి, మూసి చూడండి. మడతబందు దగ్గర వదులైతే మూసినప్పుడు ఒక పక్కకి వంకరగా కూర్చుంటుంది. ఆన్‌లైన్‌లో అయితే బానెట్ ఎత్తిన ఫోటో, కింది వైపు ఫోటో అడగండి. నాది బల్ల మీద ఎప్పుడూ బానెట్ ఎత్తే ఉంటుంది, పక్కన నాన్న పానా.