ఐ-864: ఇండియాలో ఉండి భార్యకో భర్తకో స్పాన్సర్ చేసేవాళ్లకు ఈ ఫారం ఎంతవరకు నయం?

అమెరికా పౌరసత్వం ఉండి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కాపురం ఉంటున్నవాళ్లు ఐ-130 పిటిషన్ దగ్గర (కుటుంబ బంధాన్ని రుజువు చేసే దరఖాస్తు) పెద్దగా తడబడరు. అది ఆమోదం పొందాక నేషనల్ వీసా సెంటర్ 120 డాలర్లు కట్టించుకుని అడిగే ఐ-864 (భాగస్వామి పోషణకు డబ్బు పరంగా నేనే బాధ్యుణ్ణని ఇచ్చే హామీ పత్రం) దగ్గరే బండి ఆగిపోతుంది. ఏళ్ల తరబడి ఈ ఫారంతో పనిచేశాక నా తీర్పు ఇది: డబ్బు లెక్క అడిగే భాగం కఠినమే అయినా న్యాయంగా ఉంటుంది. డొమిసైల్ (స్థిర నివాసం ఏ దేశంలో అన్నది) అడిగే భాగం మాత్రం అధ్వానం. ఏ దేశమో రాయమని ఒక్క గడి ఇచ్చి ఊరుకుంటుంది, దాని వెనక ఎంత రుజువు కావాలో ఫారం చూసి ఎవరూ ఊహించలేరు.

ముందు లెక్క చూద్దాం. కుటుంబంలో ఎంతమంది ఉంటే అంతమందికి అమెరికా ప్రభుత్వ పేదరిక గీతలో 125 శాతం ఆదాయం చూపాలి. 2025 పట్టిక ప్రకారం ఇద్దరికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187. అలాస్కా, హవాయిలకు ఇంకా ఎక్కువ. మనవాళ్లు ఎక్కువగా తప్పేది తల లెక్కలోనే. అమెరికాలో పుట్టిన పిల్లలను 'వాళ్లు సిటిజన్లే కదా' అని వదిలేస్తారు. పెళ్లికాని, 21 నిండని పిల్లలు లెక్కలోకి రావాల్సిందే. ఇదివరకు అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు పెట్టి ఐ-864 సంతకం చేసి ఉంటే, ఆ బాధ్యత తీరేదాకా వాళ్లూ లెక్కలోనే ఉంటారు. ఇద్దరమే అనుకున్న సంసారం కాగితం మీద నలుగురవుతుంది.

ఇక ఇండియా జీతం. గచ్చిబౌలిలో ఏడాదికి నలభై లక్షలు వస్తున్నా, అమెరికా వెళ్లగానే ఆ ఉద్యోగం ఆగిపోయేదైతే ఆ జీతం మీద ఆధారపడలేరు. వెళ్లాక కూడా అదే మూలం నుంచి కొనసాగే ఆదాయమే పనికొస్తుంది. అమెరికా కంపెనీకి ఇక్కడి నుంచి పనిచేస్తున్నవాళ్లు హెచ్‌ఆర్ దగ్గర ఉత్తరం తీసుకోవాలి. అందులో హోదా, ఏడాది జీతం, ఫలానా నెల నుంచి అమెరికాలో ఉండి ఇదే ఉద్యోగం చేయవచ్చన్న మాట, మూడూ స్పష్టంగా ఉండాలి. 'ఫలానా వ్యక్తి మా ఉద్యోగి' అన్న మామూలు సర్టిఫికెట్టు ఇక్కడ దండగ. అమెరికాలో కొత్త ఉద్యోగానికి వచ్చిన ఆఫర్ లెటర్ డొమిసైల్‌కు బాగా సాయపడుతుంది కానీ, ఆదాయం గడి నింపడానికి దాన్నే నమ్ముకోవద్దు.

ట్యాక్స్ రిటర్న్ తప్పనిసరి. బయట దేశంలో సంపాదించినా అమెరికా పౌరుడు అమెరికాలో రిటర్న్ వేయాలి. భాగస్వామి అమెరికా పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అయి, మీరు విడిగా వేసేట్టయితే ఆదాయం అయిదు డాలర్లు ఉంటే చాలు, వేయాల్సిందే. 2555 ఫారంతో విదేశీ జీతాన్ని మినహాయించుకున్నవాళ్లకు 1040లో (పన్ను రిటర్న్ ఫారంలో) మొత్తం ఆదాయం సున్నా దగ్గర కనిపిస్తుంది. కంగారు పడనక్కర్లేదు. ఐ-864లో అదే అంకె రాసి, 2555 కాపీ జతచేసి, ఇప్పటి ఆదాయాన్ని విడిగా రుజువు చేయాలి. అసలు ఎప్పుడూ వేయనివాళ్లకు, కావాలని ఎగ్గొట్టింది కాకపోతే, ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) వాళ్ల స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్లు (విదేశీ బ్యాంకు ఖాతాల వివరాలు) ఒకేసారి వేయాలి. కాపీల కంటే ఐఆర్ఎస్ ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకోవడం మేలు, దానికి డబ్ల్యూ-2లు (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం పత్రాలు) జతచేయనక్కర్లేదు. అన్నట్టు, ఐ-864కు నోటరీ అక్కర్లేదు. వంద రూపాయల స్టాంపు పేపరు కోసం పరుగెత్తకండి, పెన్నుతో సంతకం చాలు.

ఆదాయం చాలకపోతే ఆస్తులు చూపవచ్చు. స్పాన్సర్ సిటిజన్ అయితే తరుగుకు మూడు రెట్లు, గ్రీన్‌కార్డు హోల్డరైతే అయిదు రెట్లు. ఆదాయం ఏమీ లేదనుకుంటే అదే 2025 పట్టిక ప్రకారం ఇద్దరికి 79,311 డాలర్లు కావాలి. ఏడాదిలోపు నగదుగా మారేవే లెక్క. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లకు పేచీ తక్కువ. బ్యాంకు నుంచి పన్నెండు నెలల జమాఖర్చుల వివరం, ప్రస్తుత నిల్వ తీసుకోవాలి. పోయిన నెలలో మామగారు వేసిన పాతిక లక్షలు అందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయని గుర్తుంచుకోండి. ఇల్లు, స్థలం చూపితే వాల్యుయర్ రిపోర్టు, లోన్ బాకీ వివరం, ఈసీ కావాలి. తెలుగులో ఉన్న దస్తావేజులకు అనువాదకుడి ధ్రువీకరణతో ఇంగ్లిష్ అనువాదం పెట్టాలి. రిజిస్ట్రేషన్ విలువకూ బయటి రేటుకూ పొంతన ఉండదు కాబట్టి, ఒక్క స్థలం మీదే కేసు నిలబెట్టడం నేనెవరికీ చెప్పను. డబ్బు అమెరికాకు పంపే దారి కూడా చూపాలి. ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు అడ్డు లేదు. ఇక్కడ రెసిడెంట్‌గా ఉన్నవాళ్లకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. ఆ ముక్క కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యంగా రాస్తే సరిపోతుంది.

వీటన్నిటికంటే సాఫీగా నడిచేది జాయింట్ స్పాన్సర్. డల్లాస్‌లో బాబాయో న్యూజెర్సీలో బావగారో ఉంటే, వాళ్లు విడిగా ఒక ఐ-864 నింపాలి. బంధువే కానక్కర్లేదు, స్నేహితుడైనా పర్వాలేదు. కానీ మీ అరకొర ఆదాయానికి వాళ్లది కలపడం కుదరదు, వాళ్ల కుటుంబంతో పాటు మీ భాగస్వామినీ కలుపుకుని 125 శాతం వాళ్లే పూర్తిగా చూపాలి. బావగారు సంతకానికి వెనకాడితే తప్పుపట్టకండి. మీ భార్య పౌరసత్వం తీసుకునేదాకానో, 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్కకు వచ్చేదాకానో ఆ బాధ్యత ఉంటుంది. విడాకులతో కూడా పోదు.

ఇక్కడే పెద్ద అపోహ. జాయింట్ స్పాన్సర్ దొరికాడు కాబట్టి డొమిసైల్ గొడవ తీరిందనుకుంటారు. తీరదు. పిటిషనర్ (ఐ-130 వేసినవారు) తన ఐ-864 ఎలాగూ వేయాలి, తన డొమిసైల్ తనే రుజువు చేయాలి. అది తేలకపోతే జాయింట్ స్పాన్సర్ కోటీశ్వరుడైనా లాభం లేదు.

అమెరికా ప్రభుత్వం పంపినవాళ్లకు, అమెరికా కంపెనీ అక్కడి నుంచి ఇక్కడికి బదిలీ చేసినవాళ్లకు కొంత వెసులుబాటు ఉంది. ఇక్కడి ప్రైవేట్ లిమిటెడ్‌లో చేరినవాళ్లు దాని మీద ఆశపెట్టుకోకపోవడం మంచిది. వాళ్లకున్న దారి, భార్య అమెరికాలో అడుగుపెట్టే రోజుకల్లా తామూ అక్కడ స్థిరపడతామని చూపడం. ఫారంలో నివాసం చిరునామా ఇండియాదే రాయాలి, డొమిసైల్ దేశం గడిలో అమెరికా రాయాలి, వివరణ విడిగా జతచేయాలి. తమ్ముడి టెక్సాస్ అడ్రసును సొంత నివాసంగా రాసేవాళ్లున్నారు. భార్య డీఎస్-260లో (వీసా దరఖాస్తులో) మరో చిరునామా, ట్యాక్స్ రిటర్న్‌లో ఇంకొకటి కనిపించాక, అప్పటిదాకా లేని అబద్ధం కేసు మొదలవుతుంది.

వివరణ ఒక పేజీ దాటకూడదు. అమెరికా ఎప్పుడు, ఎందుకు వదిలారు, అక్కడ ఏం మిగిలి ఉంది, ఎప్పుడు వెళ్లి ఎక్కడ దిగుతారు. ప్రతి మాట వెనకా ఒక కాగితం ఉండాలి: వాడుకలో ఉన్న బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు నమోదు, పిల్లల స్కూలు సీటు, ఇక్కడి ఉద్యోగానికి ఇచ్చిన నోటీసు, సామాను పంపడానికి తీసుకున్న కొటేషన్. ఆశ్రయం ఇచ్చే బంధువు ఉత్తరమైతే 'మా ఇల్లు వాళ్లదే, ఎప్పుడైనా రావచ్చు' అన్న ఆప్యాయత చాలదు. పూర్తి చిరునామా, బంధుత్వం, ఏ నెల నుంచి ఎవరెవరు ఉంటారు, అద్దె ఉందా లేదా రాయించి, ఆ ఇంటి కరెంటు బిల్లో మార్ట్‌గేజ్ స్టేట్‌మెంటో జతచేయించాలి. ఖాతా నిన్ననే తెరిచి, మిగతావన్నీ ఒకే వారం తేదీలతో ఉంటే ఆఫీసరుకు అనుమానం రావడం సహజం. ఐ-130 నడుస్తున్న నెలల్లోనే ఒక్కొక్కటిగా మొదలుపెట్టాలి.

మన దగ్గరి కేసులకు ఇంటర్వ్యూ మామూలుగా ముంబైలో. ఈలోపు ఏప్రిల్ దాటితే కొత్త ఏడాది ట్రాన్‌స్క్రిప్ట్, తాజా పే స్లిప్పులు పట్టుకెళ్లాలి. లేదంటే వీసా ఆపిపెట్టే 221(జి) కాగితం చేతికిచ్చి అవే తెమ్మంటారు. వీసా వచ్చాక టికెట్ల దగ్గర కూడా నియమం ఒకటుంది: స్పాన్సర్ ముందే వెళ్లాలి, లేదా భార్యతో కలిసి వెళ్లాలి. ఆమెను ముందు పంపి, నోటీసు పీరియడ్ అయ్యాక వస్తానంటే కుదరదు.