మిషిగన్ ఫుట్‌బాల్ వెంట: ఆన్ ఆర్బర్, పసదేనా, హ్యూస్టన్

2023 సీజన్‌లో మిషిగన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ (సాకర్ కాదు) జట్టు ఆడిన 15 ఆటలూ గెలిచి కాలేజీ జట్లలో జాతీయ చాంపియన్ అయింది. మావాడు అక్కడే చదువుతున్నాడు, మేముండేది ఆ పక్కనే కాంటన్‌లో. అందుకని ఆఖరి నాలుగు ఆటల్లో మూడు స్టేడియంలోనే చూశాం. జేబుకి చిల్లు పడిన మాట నిజమే. ఈ మూడు ఊళ్ళలో ఎక్కడికి వెళ్తే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ముందు యూనివర్సిటీ ఉన్న ఊరు, ఆన్ ఆర్బర్. నవంబర్ 25, చిరకాల ప్రత్యర్థి ఒహాయో స్టేట్ యూనివర్సిటీతో ఆట. మన భారత్-పాకిస్తాన్ మ్యాచ్ టెన్షన్ ఏడాదికోసారి ఇక్కడివాళ్ళకీ ఉంటుంది. ఆ వారాంతం ఊళ్ళో గది దొరకడం కష్టం, దొరికినా రెండు రాత్రులకి తక్కువ ఇవ్వరు. ఒహాయో స్టేట్ ఉండే కొలంబస్ నుంచి వచ్చిన మా స్నేహితులు ఎండాకాలంలోనే ఒక మోటల్‌లో గది పట్టుకున్నారు. ఆట దగ్గరపడ్డాక ‘సిస్టమ్‌లో పొరపాటు’ అని అది క్యాన్సిల్ చేసి, అదే గదికి మూడింతల రేటు చెప్పారు. చివరికి మా ఇంట్లోనే సర్దుకున్నారు, ఒహాయో టోపీలతో సహా! బయటినుంచి వచ్చేవాళ్ళు ఇప్సిలాంటిలోనో, డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్ దగ్గర రొములస్‌లోనో చూసుకోవడం మేలు. భోజనానికైతే కాంటన్‌లో ఫోర్డ్ రోడ్డు మీద ఇండియన్ హోటళ్ళుండగా మనవాళ్ళకి దిగుల్లేదు.

స్టేడియం కెపాసిటీ 107,601. బయటినుంచి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. చాలా భాగం నేలలోకి దిగి ఉంటుంది కాబట్టి, గేటు దాటాక మెట్లు కిందికి దిగాలి. అప్పుడు తెలుస్తుంది దాని సైజు. కుర్చీలుండవు, అల్యూమినియం బెంచీ మీద నంబర్లుంటాయి. ఆ రెండు నంబర్ల మధ్య చలికోటు వేసుకున్న మనిషి పట్టడు, పక్కకి తిరిగి ఇరుక్కుని కూర్చోవాలి. మేం వెళ్ళినప్పుడు బ్యాగు పూర్తిగా నిషేధం. ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగ్ కూడా కార్లోనే వదిలేయాల్సి వచ్చింది. రోడ్డుకి ఆ పక్కనున్న పయనీర్ హైస్కూల్ మైదానంలో కారు పెడితే నడక తక్కువ. ఆటకి ముందు అక్కడ అందరూ గ్రిల్లులు పెట్టి వండుకుంటుంటే మేం పులిహోర, ఫ్లాస్కులో టీతో కానిచ్చాం. ఆట అయ్యాక మాత్రం అక్కడినుంచి కారు బయటపడాలంటే ఓపిక కావాలి.

ఇన్ని ఇబ్బందులున్నా ఆ రోజు మర్చిపోలేను. మూడో క్వార్టర్‌లో మిషిగన్ ఆటగాడు జాక్ జింటర్ కాలు విరిగి పడిపోయాడు. అంత జనం ఒక్కసారిగా మూగబోయారు. అతన్ని బండి మీద తీసుకెళ్ళిన వెంటనే, తర్వాతి బంతికే అతని సహచరుడు బ్లేక్ కోరమ్ 22 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ (బంతితో చివరి గీత దాటడం, ఆరు పాయింట్లు) చేసి, వేళ్ళతో ఆరు, ఐదు చూపించాడు. జింటర్ జెర్సీ నంబర్ 65. మా బెంచీ నిజంగానే ఊగింది. అసలు కోచ్ జిమ్ హార్బా సస్పెన్షన్‌లో ఉంటే అసిస్టెంట్ కోచ్ షెరోన్ మూర్ జట్టుని నడిపించి 30-24తో గెలిపించాడు.

లాస్ ఏంజెల్స్ పక్కనున్న పసదేనా, జనవరి 1, రోజ్ బౌల్ స్టేడియంలో సెమీఫైనల్. ప్రత్యర్థి అలబామా. ఆ ఉదయమే పూల శకటాల పరేడ్ కూడా ఉంటుంది కాబట్టి ఊళ్ళో గదుల ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మేం బర్‌బ్యాంక్ వైపు దిగాం, గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. పాత పసదేనా నుంచి షటిల్ బస్సులున్నాయి. వెళ్ళేటప్పుడు హాయిగా వెళ్ళాం, తిరిగొచ్చేటప్పుడు క్యూ చూస్తే తిరుమల గుర్తొచ్చింది. స్టేడియం 1922 నాటిది. లోపలికెళ్ళే సొరంగాలు ఇరుకు, కాళ్ళు చాపుకునే చోటుండదు, తిండి గురించి చెప్పుకోకపోవడమే మంచిది. అయితే మధ్యాహ్నం రెండింటికి మొదలైన ఆట సాయంత్రంలోకి జారేకొద్దీ శాన్ గాబ్రియేల్ కొండల రంగు మారిపోతుంటే, అటు చూడాలో ఇటు చూడాలో తెలియలేదు. చివరి రెండు నిమిషాల్లోపు స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 27-20తో గెలిచారు. మర్నాడు మాలిబు వేంకటేశ్వరస్వామి గుడి, అక్కడినుంచి ఇండియన్ హోటళ్ళుండే ఆర్టీసియాలో భోజనం. కుటుంబంతో వెళ్తే ఈ రెండూ కలుపుకోండి, కాకపోతే మధ్యలో లాస్ ఏంజెల్స్ ట్రాఫిక్ ఉందని మర్చిపోకండి.

హ్యూస్టన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. జనవరి 8 ఫైనల్లో వాషింగ్టన్ మీద 34-13. షుగర్‌ల్యాండ్‌లో మా తోడల్లుడి ఇంట్లో దిగాం కాబట్టి బస ఖర్చు లేదు. ఫానిన్ సౌత్ స్టేషన్ దగ్గర కారు పెట్టి రెడ్ లైన్ రైలెక్కితే స్టేడియం దగ్గరే దింపుతుంది, టికెట్ డాలరుంపావు. పైకప్పు, సరైన కుర్చీలు, అన్ని సౌకర్యాలూ ఉన్నాయి. కానీ లోపల కూర్చుంటే ఏ ఊళ్ళో ఉన్నామో తెలియదు. మూడింట్లోకీ టికెట్ ఎక్కువ పడింది ఇక్కడే.

ఒక్కదానికే డబ్బుంటే నా ఓటు పసదేనాకి. చలికి తట్టుకోగలిగితే, ఒహాయో స్టేట్ వచ్చే ఏడాది చూసుకుని ఆన్ ఆర్బర్ రండి. ఫైనల్ టీవీలో చూసినా పెద్ద నష్టం లేదు. 2024 నుంచి చాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌లో 12 జట్లయ్యాయి, జనవరి 1 రోజ్ బౌల్ ఇప్పుడు క్వార్టర్‌ఫైనల్. అంటే అక్కడ గెలిస్తే ఇంకా రెండు ప్రయాణాలు మిగులుతాయి. గదులు మాత్రం రీఫండ్ ఇచ్చేవే తీసుకోండి.