నాకింగ్ చేసిచ్చాం అంటే నమ్మి షీట్ వేయించుకోకండి: బెంగళూరు లెదర్ బాల్ వాళ్లకి హెచ్చరిక

ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాస్తున్నా. చల్లారాక కూర్చుంటే మర్యాదగా రాసేస్తానేమోనని భయం.

షాపు పేరు రాయను. బెంగళూరులో వీకెండ్ లీగులు ఆడే తెలుగోళ్లలో సగం మందికి ఎలాగూ తెలుసు. రీల్స్‌లో బ్యాట్ మీద బంతి టకటకలాడిస్తూ "పింగ్ వినండన్నా, పింగ్" అంటాడు చూడండి, ఆయనే. మన టీమ్ గ్రూపుల్లో ఆ లింకు తిరగని వారం ఉండదు.

మాది మొన్నటిదాకా టెన్నిస్ బాల్ బ్యాచ్. ఈ సీజన్ నుంచి లెదర్‌కి మారాం కాబట్టి ఇంగ్లీష్ విల్లో అనే చెక్కతో చేసిన బ్యాట్ కావాల్సి వచ్చింది. 16,500 బ్యాటు. దాని మీద ఇంకో 1,200 "కాంబో": నూనె పట్టించడం, నాకింగ్ (అంటే కొత్త బ్యాటుని మెల్లగా కొట్టి కొట్టి చెక్క పీచుని గట్టిపరచడం), బ్యాటు ముఖం మీద అతికించే షీట్, కింది కొసకి, అంటే టోకి, వేసే గార్డ్. పైగా నాకింగ్‌కి వాడే చెక్క సుత్తి, మ్యాలెట్, ఫ్రీ. ఫ్రీ అనగానే మనకి ఎలా ఉంటుందో తెలుసు కదా.

నాకింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చుగా అంటారు. మాది బెళ్ళందూర్‌లో అపార్ట్‌మెంట్ అండీ. పాత బ్యాటుకి బాల్కనీలో పది నిమిషాలు టక్ టక్ మనిపిస్తే కింద ఫ్లాటావిడ "పాప పడుకుంది" అని, పక్క ఫ్లాటాయన "కాల్‌లో ఉన్నా" అని, చివరికి సెక్యూరిటీ వచ్చి ఇంటర్‌కామ్‌లో ఎవరో ఇంటీరియర్ వర్క్ అని కంప్లైంట్ ఇచ్చారని. మంచి విల్లోకి పది పదిహేను నిమిషాల చొప్పున మొత్తం మీద 4 నుంచి 6 గంటలు కొట్టాలి. ఆ లెక్కన నన్ను అసోసియేషన్ వాళ్లు ఖాళీ చేయిస్తారు. అందుకని డబ్బులిచ్చి చేయించుకుందాం అనుకున్నా.

షాపులో అడుగుపెట్టగానే "ఏ ఊరన్నా మనది?" అన్నాడు. అనంతపురం అన్నా. "అయ్యో, మాది ధర్మవరం పక్కనే" అని కుర్చీ వేసి, టీ తెప్పించి, "వేరే కస్టమర్లకైతే మిషన్ నాకింగే, మనోళ్లకి మాత్రం నేనే దగ్గరుండి చేత్తో కొట్టిస్తా" అన్నాడు. పరాయి ఊళ్లో ఆ "మనోళ్లు" అన్న మాట ఎంత పని చేస్తుందో వాడికి బాగా తెలుసు. నేనూ పొంగిపోయి, బిల్లులో ఏం రాశాడో కూడా చూడకుండా ఫోన్‌పే కొట్టేశా. బీటెక్ చదువు, పదకొండేళ్ల ఉద్యోగం, ఇదీ మన తెలివి.

"రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్లన్నా" అన్నాడు. ఇక్కడే ఆగి ఒక్క నిమిషం లెక్క వేయండి. అవిసె నూనె, అంటే రా లిన్‌సీడ్ ఆయిల్, పల్చగా ఒక పూత పూసి బ్యాటుని పడుకోబెడితే అది పీల్చుకుని ఆరడానికే దాదాపు ఒక రోజు. అలా కనీసం రెండు పూతలు. ఆ తర్వాత గంటల తరబడి కొట్టుడు. నూనె తడి ఉంటే షీట్ అంటుకోదు, కాబట్టి మళ్లీ ఆరనివ్వాలి. ఇదంతా రేపు సాయంత్రానికి! యూట్యూబ్‌లో చూసిన గంటల గంటల వీడియోలన్నీ ఆ టీ కప్పులో కరిగిపోయాయన్నమాట.

బ్యాటు మాత్రం మెరుస్తూ వచ్చింది. దళసరి మసక షీట్, చక్కగా అతికించిన టో గార్డ్. షీట్ కింద అక్కడక్కడా చిన్న చిన్న గాలి బుడగల్లా కనిపిస్తే అడిగా. "రెండ్రోజుల్లో సెట్టయిపోతాయన్నా" అన్నాడు. సరే అన్నా.

సర్జాపుర రోడ్డు వైపు నెట్స్‌కి తీసుకెళ్లా. ఎదురుగా ఎవరూ ఫాస్ట్ బౌలర్ కూడా కాదు, మా వాడే, పొట్టేసుకుని మీడియం పేస్ వేస్తాడు. పాత బంతి. ఫ్లిక్ చేయబోతే కింద అంచుకి తగిలింది. చప్పుడు వినగానే అందరం ఆగిపోయాం. టో నుంచి అరచేయి అంత ఎత్తున, లోపలి అంచు వెంబడి చీలిక. గోరు దూరుతోంది అందులో.

ఇంటికొచ్చి హెయిర్ డ్రైయర్ పెట్టి మెల్లగా షీట్ ఊడదీశా. చూస్తే గుండె ఆగినంత పనైంది. బ్యాటు మధ్యలో చపాతీ పిండి మీద గోళ్లు గుచ్చినట్టు అర్ధచంద్రాకారంలో గుంటలు. బుడగలనుకున్నవి ఇవే, గుంటల మీద షీట్ గాలి పట్టి నిలబడింది. అంచుల మీద ఒక్క దెబ్బ పడలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి పదునైన కోణం అలాగే ఉంది, వేలు పెట్టి రాస్తే తెలుస్తోంది. నూనె సంగతి చెప్పనే అక్కర్లేదు, చెక్క సున్నం కొట్టినట్టు తెల్లగా, ఎండిపోయి ఉంది.

అప్పుడు వాళ్లు ఫ్రీగా ఇచ్చిన మ్యాలెట్ తీసి ఆ గుంటల్లో పెట్టి చూశా. తల అంచు ఆ వంపులో అచ్చంగా కూర్చుంది. ఒక గుంటలో, రెండో గుంటలో, మూడో దాంట్లో కూడా. అంటే షాపులో కొట్టింది అదే రకం మ్యాలెట్‌తో. తల అంచు లేత్ మీద కోసినప్పటి పదునుతోనే వదిలేశారు, గుండ్రంగా అరగదీయలేదు. కొట్టేవాడు కొంచెం వంచి కొడితే తల మధ్యభాగం తగలదు, అంచే దిగుతుంది. చెక్క పీచు ఒత్తుకుని గట్టిపడాల్సింది పోయి తెగుతుంది. నాకింగ్ ఎందుకు చేస్తారో దానికి పూర్తిగా రివర్స్.

సాక్ష్యం దొరికింది కదా అని బ్యాటు, మ్యాలెట్, షీటు ముక్కలు అన్నీ సంచిలో వేసుకుని షాపుకి వెళ్లా. ఇదిగో, ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం ఇక్కడ మొదలవుతుంది.

షాపు నిండా జనం. ఏదో అకాడమీ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. నేను నెమ్మదిగానే "అన్నా, ఒకసారి ఇది చూడు" అని తెలుగులో మొదలుపెట్టా. బ్యాటు వైపు ఒక్క చూపు, నా వైపు ఒక్క చూపు. అంతే, మనిషి మారిపోయాడు. "యెస్ సర్, టెల్ మీ" అన్నాడు. ధర్మవరం పక్కన తెలుగు ఎప్పుడు బంద్ చేశారో మరి! నేను తెలుగులో అడుగుతుంటే వాడు షాపంతా వినేలా ఇంగ్లీషులో జవాబులు. "షీట్ ఎవరు తీశారు సర్? షీట్ తీస్తే వారంటీ పోతుంది సర్."

షీట్ తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందయ్యా అన్నా. దానికి జవాబు లేదు. సరే, ఈ గుంటలు చూడు, మీ మ్యాలెట్ వంపు ఎలా సరిపోయిందో చూడు అని పెట్టి చూపించా. వాడు ఆ మ్యాలెట్‌ని నా చేతిలోంచి తీసుకున్నాడు, పైకెత్తి ఆ పేరెంట్స్ అందరికీ చూపిస్తూ "ఈ మ్యాలెట్ ఎవరి దగ్గరుంది సర్? మీ దగ్గరే కదా? సో, కొట్టింది మీరే. దిస్ ఈజ్ కస్టమర్ మిస్‌హ్యాండ్లింగ్" అన్నాడు.

నోట మాట రాలేదు. నేను తెచ్చిన సాక్ష్యాన్నే నా మీదకి తిప్పేశాడు. ఇప్పుడర్థమైందా ఫ్రీగా మ్యాలెట్ ఎందుకిస్తారో? బ్యాటు మీద ఏ దెబ్బ కనిపించినా "మీరే కొట్టుకున్నారు" అనడానికి. షీట్ వేసి ఇచ్చేది లోపలిది కనపడకుండా ఉండటానికి. కాంబో అంటే ఇదీ కాంబో!

షీట్ కింద ఉన్న గుంటలు షీట్ వేసిన తర్వాత నేనెలా కొట్టగలను, కొడితే షీట్ కూడా నొక్కుకుపోవాలి కదా అని అడిగేలోపే బిల్లు చూపించమన్నాడు. చూపించా. బిల్లులో నాకింగ్ అన్న మాటే లేదు. "బ్యాట్ యాక్సెసరీస్ 1,200" అని ఉంది. నూనె కూడా లేదు. పక్కనున్న ఒకాయన నా వైపు జాలిగా చూశాడు, ఆ జాలి ఇంకా మండించింది. చివర్లో నేను బయటికి వస్తుంటే వాడు కుర్రాడితో నవ్వుతూ అన్నాడు, ఈసారి మాత్రం స్వచ్ఛమైన తెలుగులో: "టెన్నిస్ బాల్ ఆడేవాళ్లకి ఇంగ్లీష్ విల్లో ఎందుకురా."

సర్లే, ఆ మాట గురించి ఇంక రాస్తే పోస్ట్ తీసేస్తారు.

బ్యాటుని శివాజీనగర్ వైపు రిపేర్లు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. చిన్న గది, నేలంతా విల్లో పొట్టు. చీలికలోకి జిగురు ఎక్కించి, బిగించి, దారం చుట్టి ఇస్తానన్నాడు. ఆడొచ్చు గానీ కొత్త బ్యాటు కాదు బాబూ అని మొహం మీదే చెప్పాడు. ఆ నిజాయితీకే దండం పెట్టాలనిపించింది. నా ఫ్రీ మ్యాలెట్‌ని చేతిలోకి తీసుకుని, బొటనవేలు దాని తల అంచు చుట్టూ ఒకసారి తిప్పి, పక్కన పడేశాడు. తన మ్యాలెట్ ఇచ్చి పట్టుకుని చూడమన్నాడు. ఏళ్ల తరబడి నూనె తాగి నల్లబడిన తల, అంచు ఎక్కడ మొదలైందో వేలికి తెలియనంత నున్నగా ఉంది. బరువు తలలోనే ఉంది, చెయ్యి ఊరికే పట్టుకుంటే చాలు.

ఆయన కొట్టే తీరు చూడాలి. బలం ఏమీ పెట్టడు. మ్యాలెట్‌ని వదిలేస్తాడు, అది పడి దానంతటదే లేస్తుంది. మొదట మెత్తగా, నడి భాగం మీద. పోను పోను కొంచెం గట్టిగా. చప్పుడు కూడా మారుతుందట, మొదట్లో మందంగా ఉండేది పీచు గట్టిపడే కొద్దీ టంగుమంటుంది. అంచుల దగ్గరికి వచ్చేసరికి బ్యాటుని ఏటవాలుగా తిప్పి, 45 డిగ్రీల కోణంలో జారుదెబ్బలు. పదును పోయి అంచు కొంచెం గుండ్రంగా రావాలి. పక్క నుంచి నిటారుగా కొట్టకూడదు. టో అడుగున, వీపు మీద, పైన హ్యాండిల్ దిగిన స్ప్లైస్ భాగం మీద అసలు ముట్టుకోకూడదు. నా బ్యాటు చీలింది సరిగ్గా ఆ జారుదెబ్బలు పడాల్సిన అంచు కింది భాగంలోనే, ఎందుకంటే అక్కడ ఎవరూ పని చేయలేదు. మిషన్ నాకింగ్ చేశామని అమ్మే బ్యాట్లకి కూడా అంచులు, టో చుట్టుపక్కల చేత్తో చూసుకోవాల్సిందేనన్నాడు ఆయన. మ్యాచ్‌లో వాడే బంతి 155.9 నుంచి 163 గ్రాముల మధ్య ఉంటుంది, దారం కుట్టు వేరే. అది మెత్తటి విల్లో అంచుకి తగిలితే ఏమవుతుందో నా 16,500 చెబుతోంది.

మీలో మ్యాలెట్ కొనబోయేవాళ్లుంటే: వడ్రంగి వాడే నలుచదరం తల వద్దు, మూలలు దిగుతాయి. రబ్బరుది వద్దు, ఎగురుతుందే తప్ప పీచుని నొక్కదు. తుమ్మ, శీసం లాంటి గట్టి చెక్క, గుండ్రటి తల, బొటనవేలు చుట్టూ తిప్పితే ఎక్కడా కోసుకోని అంచు. వార్నిష్ మెరుపు చూసి పడిపోకండి. పిడి ఊపి చూడండి, నాకిచ్చినది అప్పుడే వదులైపోయింది. ఇవేవీ దొరక్కపోతే మంచి లెదర్ బంతి, పాతది, సాక్సులో వేసి ముడేసి కొట్టినా ఆ ఫ్రీ మ్యాలెట్ కంటే నయం. కశ్మీర్ విల్లోతో టెన్నిస్ బాల్ ఆడేవాళ్లకి ఈ గోలే అక్కర్లేదు, హాయిగా ఉండండి.

షాపులో చేయిస్తే బిల్లులో "నాకింగ్, నూనె" అని విడివిడిగా రాయించండి. షీట్ వేసే ముందు బ్యాటు ఫోటో పంపమనండి, అంచులతో సహా. పంపను అంటే మీ బ్యాటు మీరు తెచ్చేసుకోండి.

నేను 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టా. కంప్లైంట్ నంబర్ ఇచ్చారు. తేలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తా, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదట. డబ్బులు వస్తాయో రావో గానీ ఆ "మిస్‌హ్యాండ్లింగ్" అన్న మాట వాడితో కాగితం మీద రాయించాలి నాకు.

అదే కాంబో ఈ మధ్య కొన్నవాళ్లు ఇక్కడ కనీసం నలుగురైనా ఉంటారు. షీట్ కింద బుడగలు కనిపిస్తే ఇంట్లో పీకకండి, నాలాగా ఇరుక్కుంటారు. షాపుకే తీసుకెళ్లి, వీడియో ఆన్ చేసి, వాడి చేతే పీకించండి. మ్యాలెట్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.