గుట్ట మీద మొక్కలా, కందకాలా, మేకల్ని ఆపుడా: ఏది మేలు?

జూన్ రాంగనే హైదరాబాద్‌ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, ఆఫీసు గ్రూపుల్లో ఒకటే ముచ్చట, వికారాబాద్ దిక్కు ఏదన్నా గుట్ట ఊరికి బస్సు కట్టించుకొని పోయి మొక్కలు నాటొద్దాం అని. మంచిదే. మూసీ పుట్టేదే అనంతగిరి గుట్టల్లో, ఆ నీళ్లే గండిపేటకు వస్తయి, అంటే ఆ గుట్టలతోని మనకూ పని ఉన్నట్టే. కానీ ఉన్న కొద్ది పైసలు మొక్కల మీదనే పెట్టాల్నా అని మాత్రం ఎవ్వరూ అడగరు.

మొక్కలైతే ఫొటోలు బాగొస్తయి, పిల్లలు కూడా సంబరంగా వస్తరు, జులైల నాటితే దసరా దాకా వానే చూసుకుంటది. అసలు కథ ఫిబ్రవరి నుంచి. గుట్ట మీద మట్టి జానెడు కూడా ఉండదు, దాని కింద మొరం, ట్యాంకర్ ఎక్కదు, బిందెలతోని ఎవరు మోస్తరు? ఏ ప్రోగ్రాం అయినా నాటిన లెక్క టకటకా చెప్తరు, మూడో ఎండాకాలం దాటినవి ఎన్ని అంటే మాట మారుస్తరు.

కందకాలకు ఫొటోల్లో గ్లామర్ లేదు గానీ లెక్క చూడండి. ఒక ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడ్డదంటే లక్ష లీటర్లు, గుట్ట బోడిగా ఉంటే అందులో చానా నీళ్లు మట్టిని కూడా తీసుకొని కిందికి ఉరుకుతయి. రెండు మీటర్ల పొడుగు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకం తవ్వితే 500 లీటర్లు పడతయి, ఎకరానికి వంద తవ్వితే ఒక్కసారి నిండితేనే 50 వేల లీటర్లు లోపలికి ఇంకుతయి. ఏటవాలుకు అడ్డంగా, ఒకే ఎత్తుల, పైనుంచి మొదలుపెట్టి కిందికి రావాలె. పైన వదిలేసి కింద చెక్ డ్యామ్ కడితే అది మట్టితోనే పూడుకపోతది. ఒకే ఎత్తు పట్టుకోవడానికి ఇంజనీర్ కూడా అక్కర్లేదు, మూడు కట్టెలు, ఒక దారం, ఒక రాయితోని ఇంగ్లీషు A ఆకారంల చట్రం (ఏ-ఫ్రేమ్) చేసుకుంటే అయిపోతది. అన్నట్టు, అనంతగిరిల చానా భాగం రిజర్వ్ ఫారెస్ట్, పార పట్టకముందే ఫారెస్టోళ్లను అడగాలె.

ఇగ మూడోది, పైసా ఖర్చు లేనిది, అన్నిటికన్నా కష్టమైంది: గుట్టను కొన్నేండ్లు మేకలకు, గొడ్డలికి మూసెయ్యడం. మోదుగు, సీతాఫలం లాంటివి నరికినా మొదలు నేలల బతికే ఉంటది, మెయ్యనియ్యకపోతే మళ్ల లేస్తది, నర్సరీతోని పనే లేదు. కానీ మేకలు ఎవరికి ఉంటయి? భూమి లేనోళ్లకు. వాళ్లకేం ఇస్తం మరి?

దీనికి జవాబు హర్యానాల సుఖోమాజ్రి అనే ఊర్లె దొరికింది. చండీగఢ్‌ల 1958ల కట్టిన సుఖ్నా చెరువు మట్టితోని పూడుతుందని పైన శివాలిక్ గుట్టలకు పోయి చూస్తే అక్కడి మేత, నరుకుడే కారణమని తేలింది. 1970లల్ల అక్కడ చిన్న మట్టి కట్టలు కట్టి, ఆ నీళ్లల్ల భూమి ఉన్నా లేకున్నా ప్రతి ఇంటికి సమాన వాటా పెట్టిన్రు. వాటా అందంగనే ఊరోళ్లే గుట్ట మీద మేత బంద్ చేసిన్రు, గడ్డి పెరిగింది, ఆ గడ్డి మీద కూడా ఆదాయం వచ్చింది. కంచె కట్టలేదు, కావలోళ్లు ఊరోళ్లే. సిటీ చెరువును కాపాడింది పైనున్న ఊరి ఒప్పందమే అన్నట్టు.

మహారాష్ట్రల హివ్రే బజార్ అనే ఊరు కూడా అంతే, కందకాలతోని ఆగలే, మేత ఆపిన్రు, సాగుకు బోర్లు వద్దనుకున్నరు. బోర్ల మీద ఆ కట్టుబాటు లేకపోతే ఇంకిన నీళ్లు ఒక్కడి బోరుకే పోతయి కదా.

నన్నడిగితే మొదటి ఏడాది పైసలన్నీ కందకాల కూలీకే, అది కూడా నీళ్ల వాటా, మేత, బోర్ల మీద ఊరు కూసొని మాట్లాడుకున్నంకనే. మాట కుదరకపోతే వేరే ఊరు చూసుకోవాలె. రెండో వానాకాలం కందకం గట్ల మీద కానుగ, వేప, సీతాఫలం గింజలు చల్లుకోవచ్చు. మొక్కలే నాటాల్నంటే ఊరి బడిల, చెరువు కట్ట పక్కన నాటండి, అక్కడ నీళ్లు పోసే మనుషులు ఉంటరు.