సస్పెండ్‌లో బిగుసుకుపోయే లినక్స్: లాక్‌డెప్, పీఎం_టెస్ట్ ఏళ్లుగా వాడాక

అనంతపురం సుభాష్ రోడ్డులోని మా సర్వీస్ షాపుకు వచ్చే లినక్స్ ల్యాప్‌టాప్‌లలో బాగా టెన్షన్ పెట్టేవి సస్పెండ్‌లో, అంటే మెషిన్‌ను నిద్రపుచ్చేటప్పుడు, బిగుసుకుపోయేవే. మూత వేస్తే స్క్రీన్ ఆరిపోతుంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, ఏ కీ నొక్కినా పలకదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తే చివరి లాగ్ డిస్కుకు చేరదు. అందుకే లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే ఉన్న సాధనాలను నమ్ముకున్నాను.

మొదట పీఎం_టెస్ట్. సస్పెండ్‌ను మనం చెప్పిన దశ వరకే తీసుకెళ్లి, 5 సెకన్లు ఆగి వెనక్కి తెస్తుంది. ఫ్రీజర్ (ప్రోగ్రామ్‌లను ఆపడం), డివైసెస్ (పరికరాలను పడుకోబెట్టడం), ప్లాట్‌ఫారమ్, ప్రాసెసర్స్, కోర్ అని వరుస. ఫ్రీజర్ దాటి డివైసెస్‌లో ఇరుక్కుంటే ఏదో డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపే కోడ్) మీద అనుమానపడాలి. మెసేజ్‌లు సస్పెండ్‌లోనూ కనిపించేలా బూట్ లైనులో (కెర్నల్‌కు ఆప్షన్లు ఇచ్చే చోట) నో_కన్సోల్_సస్పెండ్ పెట్టండి, పీఎం_అసింక్ అనే సెట్టింగ్‌ను 0 చేయండి. అప్పుడు డివైస్‌లు ఒకదాని తర్వాత ఒకటి పడుకుంటాయి. 0 చేయగానే సమస్య మాయమైతే, డివైస్‌లు ఒకేసారి పడుకోవడంలోనే గొడవ ఉందనడానికి అదీ మంచి ఆధారమే.

కానీ అసలు మొనగాడు లాక్‌డెప్, కెర్నల్ లోపలి తాళాల (లాక్‌ల) మీద కన్నేసి ఉంచే సాధనం. 2006లో 2.6.18 కెర్నల్‌తో వచ్చింది. ఒక వైఫై డ్రైవర్ ఎప్పుడో ఒకసారి మాత్రమే బిగుసుకునేది. దాని సస్పెండ్ ఫంక్షన్ మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల తాళం) పట్టుకుని, వెనకాల నడిచే ఒక వర్క్ ముగిసేదాకా ఎదురుచూస్తుంది. ఆ వర్క్‌కేమో అదే మ్యూటెక్స్ కావాలి. ఒకరి కోసం ఒకరు, ఇక కదలిక లేదు. సరిగ్గా ఆ క్షణంలో వర్క్ నడుస్తుంటేనే ఇది జరుగుతుంది కాబట్టి ఊరికే పరీక్షిస్తే దొరకదు. లాక్‌డెప్ తాళాలు పట్టుకున్న వరుసను గుర్తుపెట్టుకుంటుంది. అందుకే మెషిన్ ఒక్కసారి కూడా ఆగకముందే ఈ రెండు దారులూ ఎదురెదురని డీమెసేజ్‌లో (కెర్నల్ మెసేజ్‌ల లాగ్‌లో) రాసేసింది. అది చూసి ఎంత సంతోషపడ్డానో!

ఇబ్బందులూ ఉన్నాయి. మామూలు డిస్ట్రో (సిద్ధంగా దొరికే లినక్స్) కెర్నల్‌లో లాక్‌డెప్ ఉండదు. సొంతంగా బిల్డ్ చేయాలి, లేదా ఫెడోరా డీబగ్ కెర్నల్ వాడాలి. మెషిన్ నెమ్మదిస్తుంది. నాకు నచ్చనిది మాత్రం ఒక్కటే: మొదటి ఫిర్యాదు చేయగానే తనంతట తానే ఆగిపోతుంది. బూట్‌లోనే వేరే డ్రైవర్ మీద అరిస్తే, దాన్ని సరిచేసేదాకా మన సస్పెండ్ సంగతి బయటపడదు.

పీఎం_ట్రేస్ నాకు ఆఖరి దారి. సస్పెండ్ ఎక్కడ ఆగిందో ఆర్‌టీసీ అనే మెషిన్ లోపలి గడియారంలో రాస్తుంది కాబట్టి తేదీ, టైమ్ చెడిపోతాయి. కస్టమర్‌కు ఇచ్చేముందు వాటిని సరిచేయాల్సిందే.